విమానానికి అంటించే నట్లు: భీమవరంలో ఏం దొరుకుతాయి, ఏం దొరకవు

రివెట్ కొట్టకుండా జిగురుతో అంటించి వాడే నట్ ప్లేట్లు, స్టడ్లు (తల లేని బోల్టులు) సొంతంగా చిన్న విమానం కట్టుకునేవాళ్ళకి నిజంగా పనికొస్తాయా, మన గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా దొరుకుతాయా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వాళ్ళలో చాలామంది ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు, డ్రోన్లు చేసేవాళ్ళు. ఒక్కొక్కరికీ ఫోన్లో సగం సగం చెప్పే బదులు నేను కొన్నవి, వాడినవి, వద్దనుకుని పక్కన పెట్టినవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. రాజోలు దగ్గర మా ఊళ్ళో, ఇంటి వెనక రేకుల షెడ్డులో మా మేనల్లుడితో కలిసి ఒంటి సీటు విమానం కడుతున్నాను. ఫోమ్ దిమ్మని కావాల్సిన ఆకారంలో కోసి, దాని మీద ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెజిన్) గ్లాసు గుడ్డ పొరలు వేసే పద్ధతి మాది. అమెరికాలో బర్ట్ రూటన్ చేసిన వేరీఈజీ 1975లో ఎగిరాక ఇళ్ళ దగ్గర విమానాలు కట్టేవాళ్ళు ఈ పద్ధతిని బాగా అందుకున్నారు. పెద్ద అచ్చులు అక్కర్లేదు, షెడ్డు చాలు. మన దేశంలో కెప్టెన్ అమోల్ యాదవ్ గారు ముంబైలో మేడ మీద కట్టిన విమానానికి 2017లో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ వచ్చింది. దారి కష్టమే గాని మూసుకుపోలేదని మాకు ధైర్యం ఇచ్చింది ఆయన విమానమే. మాది ఇంకా నేల మీదే ఉంది. అనుమతులన్నీ వచ్చేదాకా నేల మీదే ఉంటుంది.

అసలు అంటించే నట్టు ఎందుకు? తనిఖీ కోసం తీసి పెట్టుకునే మూతలు విమానంలో చాలా ఉంటాయి. మూత తీసినప్పుడల్లా వెనక చెయ్యి పెట్టి నట్టు పట్టుకోవడం కుదరదు. అందుకని నట్టుని రేకు వెనకాల శాశ్వతంగా బిగించి ఉంచుతాం. అదే నట్ ప్లేట్. మామూలు నట్ ప్లేట్‌కి స్క్రూ కోసం ఒక బెజ్జం, రివెట్ల కోసం అటొకటి ఇటొకటి ఇంకో రెండు, మొత్తం మూడు బెజ్జాలు వేయాలి. అల్యూమినియం రేకు మీద ఇది రోజూ చేసే పనే, నా సర్వీసంతా చేశాను. గ్లాసు గుడ్డ, ఎపాక్సీతో చేసిన ఫైబర్ మీద అలా కాదు. వేసిన ప్రతి బెజ్జమూ బరువు మోసే పోగుల్ని తెంపుతుంది. రివెట్ కొట్టినప్పుడు కాడ ఉబ్బి బెజ్జం గోడల్ని నొక్కుతుంది, అక్కడ పొరలు విడిపోతాయి. పైకి ఏమీ కనబడదు. నాణెంతో తట్టి చూస్తే మాత్రం గణగణమనాల్సిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. అంటించే నట్ ప్లేట్‌కి స్క్రూ బెజ్జం ఒక్కటే చాలు. నాకు ఈ ఒక్క కారణం సరిపోయింది.

ఈ సామానులో అందరికీ తెలిసిన పేరు క్లిక్ బాండ్. అమెరికాలో నెవాడా రాష్ట్రం, కార్సన్ సిటీ వాళ్ళది. పెద్ద విమానాల కంపెనీలకీ వీళ్ళే ఇస్తారు. మాబోటి చిన్నవాళ్ళు కాలిఫోర్నియాలోని ఎయిర్‌క్రాఫ్ట్ స్ప్రూస్ లాంటి దుకాణాల నుంచి తెప్పించుకోవాలి. నేను రెండు రకాలు తెప్పించాను, స్క్రూ బిగించే నట్ ప్లేట్లూ, వైర్ల క్లాంపులు తగిలించే స్టడ్లూ.

నట్ ప్లేట్ చేతిలోకి తీసుకుంటే మొదట కళ్ళకి కనబడేది నట్టు కాదు, దాని మధ్యలోంచి బయటికి వచ్చిన మెత్తటి రబ్బరు తోక. అసలు తెలివంతా అందులోనే ఉంది. ప్లేట్ అడుగున జిగురు రాసి, మూత కూర్చునే అంచుకి వెనక నుంచి తోకని బెజ్జంలోకి దూర్చి, ముందు వైపు నుంచి లాగాలి. రబ్బరు సాగి, సన్నబడి దూరుతుంది. వదలగానే మళ్ళీ లావై బెజ్జం అంచుల్ని పట్టేస్తుంది. అప్పటి నుంచి జిగురు గట్టిపడేదాకా ప్లేట్‌ని అదే గుంజి పట్టి ఉంచుతుంది. క్లాంపు అక్కర్లేదు, వేలు పెట్టి గంటలు నిలబడక్కర్లేదు. నట్టు బెజ్జానికి సరిగ్గా నడిమికి వస్తుంది. మరల్లోకి చుక్క జిగురు పోదు, ఎందుకంటే ఆ దారి నిండా రబ్బరే ఉంటుంది. గట్టిపడ్డాక తోకని గట్టిగా లాగితే మొత్తం ఊడి చేతిలోకి వస్తుంది, లోపల మరలు కొత్తగా మెరుస్తుంటాయి.

స్టడ్డుది ఇంకో ఏర్పాటు. ప్లాస్టిక్ చట్రం నడుమ స్టడ్డు ఉంటుంది, చట్రం కాళ్ళకి స్టిక్కర్ లాంటి జిగట ఉంటుంది. స్టడ్డు పాదానికి జిగురు రాసి, కాళ్ళు గోడకి అంటించి, మధ్యలో వేలితో నొక్కితే టిక్కుమని లోపలికి పడుతుంది. ఇక ఆ చట్రమే స్టడ్డుని ఒకే ఒత్తిడితో నొక్కి ఉంచుతుంది. తర్వాత చట్రం పీకి పారేయడమే. తలకిందులుగా ఉన్న చోట, కాక్‌పిట్ లోపల చెయ్యి అందీ అందని మూల, ఈ చట్రం లేకుండా నేను అంటించగలిగేవాణ్ణి కాదు. మా వాడు మొదటి స్టడ్డు నొక్కి, ఆ చప్పుడు విని, "మావయ్యా, ఇది పట్టుకుందంటావా?" అని అడిగాడు. పట్టుకుంది. ఒత్తిడి సమానంగా లేకపోతే జిగురు ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా అవుతుంది. ఆ పల్చటి అంచు దగ్గరే ఊడడం మొదలవుతుంది. అందుకే ఆ చట్రానికి పెట్టిన డబ్బు నాకు బరువనిపించలేదు.

ధర మాటకొస్తే, మన కొట్లో నట్టుతో పోల్చుకుంటే గుండె గుభేలుమంటుంది. ఒక్కోటీ డాలర్ల లెక్క. పైన రవాణా, కస్టమ్స్. కాబట్టి అన్ని చోట్లకీ ఇవే అనుకోకుండా, ఎక్కడ తప్పదో అక్కడికే తెప్పించుకోవడం మంచిది. తనిఖీ మూతలకీ, చెయ్యి దూరని మూలలకీ ఇవే వాడాను. మిగతావాటికి మన దగ్గరే వెతికాను.

వెతకడానికి మొదట వెళ్ళాల్సిన ఊరు భీమవరం. రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి అందిస్తూ తిరిగే ఏరేటర్ల పుణ్యమా అని అక్కడ స్టెయిన్‌లెస్ బోల్టులు, స్టడ్లు, వాషర్లు దొరికినంత బాగా ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకవు. చెరువులో నీళ్ళు ఉప్పన, ఏరేటర్ పగలూ రాత్రీ తిరగాలి, మామూలు బోల్టు ఒక్క పంటకే తుప్పు పట్టిపోతుంది. అందుకని కొట్లవాళ్ళకి స్టెయిన్‌లెస్‌లో 304 రకానికీ, ఉప్పుకి ఇంకా బాగా ఆగే 316 రకానికీ తేడా తెలుసు, రెండూ ఉంచుతారు. మా ఊరు సముద్రానికి దగ్గర. గాలిలోనే ఉప్పు ఉంటుంది, కాబట్టి నేను 316 మాత్రమే తీసుకుంటాను. మేము చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తాం. నేను వెళ్ళే కొట్టు ఓనర్ గారు మొదట్లో "ఏవండీ, ఏ కంపెనీ ఏరేటరండీ మీది?" అని అడిగారు. విమానానికని చెబితే కుర్చీ వేసి కూర్చోబెట్టి, డబ్బాలన్నీ దింపించి, గీతలు లేని స్టడ్లు నన్నే ఏరుకోమన్నారు. అంత ఓపిక ఉన్న కొట్టు దొరకడం అదృష్టం.

అయస్కాంతం పట్టుకెళ్ళి పరీక్ష చేసేవాళ్ళకి ఒక మాట. దాంతో మామూలు ఇనుము కాదని తెలుస్తుంది గాని, 304 ఏదో 316 ఏదో తెలియదు. పైగా చల్లగా సాగదీసి చేసిన 304 బోల్టు కాస్త అంటుకుంటుంది కూడా. తేడా తెలియాలంటే 316లో కలిపే మాలిబ్డినం అనే లోహం ఉందో లేదో చూసే చుక్కల మందు వాడాలి.

ఇక్కడే అసలు ప్రమాదం ఒకటి ఉంది, కొత్తవాళ్ళు ఇది తప్పకుండా చదవాలి. విమానాల సామానులో బాగా నడిచే సైజు 10-32. అంగుళాల లెక్క. లావు 0.190 అంగుళం, అంటే 4.83 మిల్లీమీటర్లు, అంగుళానికి 32 మరలు. మన కొట్లలో దానికి దగ్గరగా ఉండేది ఎం5. లావు 5 మిల్లీమీటర్లు, మరకీ మరకీ దూరం 0.8. 10-32లో ఆ దూరం 0.79. రెండూ పక్కపక్కన పెడితే కళ్ళతో తేడా పట్టలేరు. ఎం5 నట్టులోకి 10-32 స్క్రూ హాయిగా వెళ్ళిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ మరలు అంచుల దగ్గర మాత్రమే పట్టుకుంటాయి. కొంచెం బలంగా తిప్పితే జారిపోతాయి, ఇంజను వణుకుకి వాటంతటవే వదులైపోతాయి. ఇంకో ఊళ్ళో ఒక కొట్టులో నాకు "పది నంబరు" అంటూ ఎం5 ఇచ్చారు. లావు కొలిచే వెర్నియర్ జేబులో ఉంది కాబట్టి అక్కడే కొలిచి తిరిగి ఇచ్చేశాను. మా షెడ్డులో అంగుళాల సామాను ఎర్ర డబ్బాలో, మిల్లీమీటర్ల సామాను నీలం డబ్బాలో ఉంటుంది. ఒక మూతకి అన్నీ ఒక రకమే.

భీమవరం స్టడ్డుకి పాదం ఉండదు, అది మనమే పెట్టించుకోవాలి. ఈ విషయంలో ఇంగ్లండ్‌లోని బిగ్‌హెడ్ అనే కంపెనీ చేసేవి మంచి నమూనా. వెడల్పాటి పల్చటి బిళ్ళ, దాని నిండా చిల్లులు, మధ్యలో వెల్డింగ్ చేసిన స్టడ్డు లేదా నట్టు. జిగురు ఆ చిల్లుల్లోంచి పైకి వచ్చి గట్టిపడి బిళ్ళని తాళం వేసినట్టు పట్టుకుంటుంది. కావాలంటే బిళ్ళ మీద ఇంకో రెండు పొరలు గ్లాసు గుడ్డ వేసి లోపలే కప్పెట్టేయచ్చు. ఫైబర్ పనికి నాకు బాగా నచ్చిన రూపం ఇది. అచ్చంగా అలాంటివే చిల్లుల స్టెయిన్‌లెస్ రేకుతో, టిగ్ వెల్డింగ్ వచ్చిన కుర్రాడి చేత చేయించాను. వెల్డింగ్ వేడికి బిళ్ళ వంగుతుంది, కాబట్టి తర్వాత చదును చేసి, గరుకు పెట్టి, అప్పుడే వాడాలి. వైర్ల కట్టలకీ, లోపలి అలంకరణ ముక్కలకీ, ఇన్సులేషన్‌కీ ఇవి భేషుగ్గా ఉన్నాయి.

తాళ్ళరేవు వైపు ఫైబర్ పడవలు కట్టే షెడ్లకి కూడా వెళ్ళాను. పొరలు వేయడంలో అక్కడి కుర్రాళ్ళ చేతి నైపుణ్యం చూసి తీరాలి. అయితే వాళ్ళు వాడేది పాలియెస్టర్ రెజిన్. తడి మీద తడి వేసినప్పుడు అది బాగానే ఉంటుంది గాని, ఎండిపోయిన ఫైబర్ మీద లోహాన్ని అంటించడానికి అది సరిపోదు. పైగా అచ్చు నుంచి పడవ ఊడి రావడానికి రాసే మైనం ఆ ముక్కల మీద ఉండిపోతుంది. అక్కడ గ్లాసు గుడ్డ, బ్రష్షులు, రోలర్లు కొనుక్కోండి. అంటించడానికి మాత్రం ఎపాక్సీయే వాడండి.

జిగుర్ల విషయానికి వస్తే, క్లిక్ బాండ్ వాళ్ళదే సి.బి. 200 అని రెండు భాగాల ఆక్రిలిక్ జిగురు ఉంది, త్వరగా పడుతుంది. మంటలంటుకునే రకం కాబట్టి విమానంలో పంపడానికి నిబంధనలు ఎక్కువ, తెప్పించుకోవడం తలనొప్పి. నేను మన దేశంలో దొరికే ఎపాక్సీల వైపు వెళ్ళాను. త్రీఎం వాళ్ళ డి.పి. 420 కార్ట్రిడ్జ్‌లో వస్తుంది, గన్నులో పెట్టి నొక్కితే ముక్కులోనే కలిసి బయటికి వస్తుంది. కొలతలో తేడా వచ్చే అవకాశం లేదు. గట్టిపడినా పెళుసు కాదు, వణుకు ఉండే చోటికి అదే కావాలి. డబ్బాలో చేత్తో కలుపుకునే మామూలు ఆరల్డైట్ కూడా తక్కువేం కాదు. కొలిచి పోసుకుంటే సమానంగా, తూకం వేస్తే రెజిన్ 100కి హార్డెనర్ 80. త్రాసు మీద కలిపితేనే నేను నమ్ముతాను. అయిదు నిమిషాల్లో పట్టేసే రకాలు మాత్రం విమానం దగ్గరికి రానివ్వకండి. తేమకీ వేడికీ అవి ఆగవు.

డి.పి. 420 పొట్లం మీద పని చేసుకునే సమయం 20 నిమిషాలని ఉంటుంది, అది 23 డిగ్రీల లెక్క. మన షెడ్డులో 23 డిగ్రీలు ఎప్పుడొస్తాయి? పది డిగ్రీలు పెరిగితే సమయం దాదాపు సగమవుతుంది. మే నెల మధ్యాహ్నం ముక్కులోనే గట్టిపడిపోతుంది. అందుకే మేము ఎండాకాలంలో తెల్లవారుజామునే అంటిస్తాం, ఒకసారికి నాలుగైదు కంటే ఎక్కువ పెట్టుకోం.

కార్ట్రిడ్జ్ కొనేటప్పుడు మీద ముద్రించిన తేదీ చూడాలి. ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు నాకు గడువు దాటిపోయిన సరుకు పంపాడు. పెట్టె కొత్తదే, లోపల ట్యూబు పాతది. వెనక్కి తీసుకోమంటే "పని చేస్తుంది సార్, అందరూ వాడుతున్నారు" అన్నాడు. డబ్బులు రాలేదు. ఆ ట్యూబు మీద పెద్ద అక్షరాలతో రాసి, ముక్కల మీద ప్రాక్టీసుకి మాత్రం ఉంచాను.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఏ కంపెనీ నట్టు కొన్నా, ఏ జిగురు తెచ్చినా, అంటించే చోటు శుభ్రంగా లేకపోతే అంతా దండగే. మన కోనసీమలో శుభ్రానికి రెండు పెద్ద శత్రువులు, కొబ్బరినూనె, తేమ. తలకి రాసుకున్న నూనె చేతికి వస్తుంది, చేతి నుంచి ఫైబర్ మీదికి వెళ్తుంది. కళ్ళకి కనబడదు. గ్లౌజులు లేకుండా మా షెడ్డులో ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు, ఊరి నుంచి చూడడానికి వచ్చిన పెద్దవాళ్ళకి కూడా అదే మాట మర్యాదగా చెబుతాం.

వరస ఇది. ముందు అసిటోన్‌తో తుడవాలి, తర్వాత సాండ్ పేపర్. ముందే సాండ్ పేపర్ పెడితే మురికిని గీతల్లోకి రుద్దినట్టవుతుంది. 180 నంబరుతో మెరుపు పోయేదాకా రుద్దాలి గాని, గ్లాసు పోగులు తెగేదాకా కాదు. మళ్ళీ తుడవాలి, ఈసారి రెండు గుడ్డలతో. ఒక చేత్తో తడి గుడ్డ, అది ఆరేలోపే ఇంకో చేత్తో పొడి గుడ్డ. ఆరనిస్తే కరిగిన నూనె మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. అసిటోన్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి చోట కంటికి కనబడని నీటి పొర పడుతుంది. అందుకని ముసురు రోజుల్లో మేము అంటించే పని పెట్టుకోం. తప్పనిసరైతే హెయిర్ డ్రయర్‌తో గోరువెచ్చగా చేసి, అప్పుడు అంటిస్తాం. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి మాత్రం కొట్టకండి. అందులో నూనె ఉంటుంది, నీళ్ళూ ఉంటాయి. ఎపాక్సీ పొరలు తేమలో ఆరితే పైన మైనం లాంటి జిడ్డు తేలుతుంది. అది అసిటోన్‌తో సరిగ్గా పోదు. ముందు మంచినీళ్ళతో రుద్ది కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత సాండ్ పేపర్ పట్టాలి.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఉంది. నాలుగు చుక్కల శుద్ధమైన నీళ్ళు చల్లి చూడండి. నీరు ఒకే పొరలా పరుచుకుని నిలబడితే శుభ్రంగా ఉన్నట్టు. తామరాకు మీద లాగా ముత్యాలు కట్టిందంటే ఇంకా జిడ్డు ఉన్నట్టు, మళ్ళీ మొదటి నుంచి రావాలి. పరీక్షయ్యాక పూర్తిగా ఆరబెట్టాకే జిగురు.

అసలు విమానం మీద పెట్టేముందు అదే గ్లాసు, అదే రెజిన్‌తో చేసిన ముక్కల మీద అంటించి, బకెట్ కట్టి, లీటరు లీటరు నీళ్ళు పోస్తూ లాగి చూశాం. ఎంత బరువుకి ఊడిందో రాసుకోవడం ఒక ఎత్తు, ఊడిన చోటు చూడడం ఇంకో ఎత్తు. బిళ్ళకీ ఫైబర్‌కీ రెండింటికీ జిగురు మిగిలి ఉంటే పని బాగా కుదిరినట్టు. గ్లాసు పోగులే లేచి వస్తే ఇంకా మంచిది, జిగురు ఫైబర్ కంటే గట్టిగా ఉందన్నమాట. ఒక పక్క అద్దంలా శుభ్రంగా ఉండి, జిగురంతా రెండో పక్కనే ఉందంటే మాత్రం ఎంత బరువు మోసినా ఆ అతుకుని నమ్మకూడదు. తుడవడంలోనే లోపం ఉందని అర్థం. కొన్ని ముక్కల్ని వానాకాలమంతా షెడ్డు కప్పు మీద వదిలేసి, తర్వాత లాగాం. క్లిక్ బాండ్‌వీ, చేయించిన చిల్లుల బిళ్ళలూ రెండూ పోగుల్ని లేపుకునే వచ్చాయి. చిల్లులు లేని ఉత్త వాషర్ వెల్డింగ్ చేయించినవి సగానికి సగం శుభ్రంగా ఊడాయి, వాటిని పక్కన పెట్టేశాను.

ఎక్కడ అంటించకూడదో కూడా చెప్పాలి. జిగురు పక్కకి లాగితే మొండిగా ఆగుతుంది, అంచు పట్టి పైకి లేపితే లొంగిపోతుంది. కొబ్బరాకు చివర కొంచెం చీలితే ఈనె దాకా చీలినట్టే ఉంటుంది. అందుకని సీటు బెల్టు, ఇంజను మౌంటు, కంట్రోల్ కీళ్ళు, ల్యాండింగ్ గేరు, వీటిల్లో ఒక్కదానికీ అంటించిన ఫాస్టెనర్ వాడకూడదు. అక్కడ ఇటు నుంచి అటు దూరే బోల్టు, లోపల గట్టి దిమ్మ ఉండాలి. ఇంజను గది వేడిలో కూడా వద్దు. మామూలు ఇంటి గది వేడికి గట్టిపడే ఎపాక్సీలు ఎక్కువ వేడికి మెత్తబడతాయి. ఫైబర్ విమానాలకి తెల్ల రంగు వేసేది కూడా ఎండ వేడి తగ్గించడానికే. ఫోమ్ మీద పల్చటి గ్లాసు ఉన్న చోట మూత స్క్రూ పెట్టాలంటే ముందు అక్కడి ఫోమ్ తవ్వి, ఎపాక్సీలో దూది పోగులు కలిపిన ముద్ద నింపి గట్టిపరచాలి. లేకపోతే నట్టు ఊడదు గాని పై గ్లాసు పొరే లేచి వస్తుంది.

కొనేవాళ్ళకి నా సలహా. తనిఖీ మూతలకి నట్ ప్లేట్లు క్లిక్ బాండ్‌వే తెప్పించుకోండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే పార్సెల్ పెడితే రవాణా భారం తగ్గుతుంది. జిగురు ఇక్కడే చిన్న ట్యూబులు కొనండి. పెద్దది కొని ఫ్రిజ్‌లో ఏడాది దాచుకోవడం లాభం కాదు. స్టడ్లకి భీమవరం వెళ్ళండి, బిల్లు మీద 316 అని రాయించుకోండి, వెర్నియర్ మర్చిపోకండి. రొయ్యల పంట వేసే రోజుల్లో కొట్లు కిటకిటలాడతాయి, మీతో నిలబడి మాట్లాడే తీరిక వాళ్ళకి ఉండదు. పట్టుబడులు అయిపోయి చెరువులు ఎండగట్టే రోజుల్లో వెళ్తే డబ్బాలు దింపి చూపిస్తారు.